కత్తిరించిన అంచు

మా స్టూడియోలో ఒక సముద్రం ఉండేది. గుడ్డ మీద రంగులతో వేయించిన సముద్రం. ఎడమ పక్కన రెండు కొబ్బరిచెట్లు, కుడివైపు మూలన ఒక తెల్ల ఓడ, మధ్యలో ఎప్పటికీ విరగని ఒక అల. బోధన్‌లో పుట్టి, బోధన్‌లోనే పెళ్ళయి, ముప్పై ఏళ్ళు దాటేదాకా ఊరి పొలిమేర పెద్దగా దాటని నాకు తెలిసిన సముద్రం అదే. శక్కర్‌నగర్ క్వార్టర్ల నుంచీ, రెంజల్, ఎడపల్లి, కోటగిరి వైపు పల్లెల నుంచీ వచ్చినవాళ్ళు తాజ్‌మహల్, పూలతోట, సముద్రం అనే మూడు తెరల్లో తమకు కావలసింది ఎంచుకునేవాళ్ళు.

మా ఊళ్ళో రోజూ అందరి నోట్లో నలిగే సముద్రం ఇంకొకటి ఉంది. దాని పేరు గల్ఫ్. ఆ మాటకు సముద్రపు పాయ అని అర్థం ఉందని మాకెవరికీ తెలీదు. మాకు గల్ఫ్ అంటే మగవాళ్ళు పోయే చోటు. పాస్‌పోర్టు ఫోటో కోసం తెల్లగోడ ముందు బిగుసుకుని కూర్చున్న కుర్రవాడు వెళ్ళిపోయేవాడు. ఏడాదికో రెండేళ్ళకో అతని భార్య పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేది, దుబాయికో దోహాకో పంపడానికి ఫోటో కావాలని. "ఆయన దిక్కు సముద్రం ఉంటదంట గదక్కా, గదే తెర ఎయ్యి" అన్నది ఒకామె. ఆమె మాట నాకిప్పటికీ గుర్తుంది. అతను చూస్తున్న సముద్రం ముందు తనూ నిలబడినట్టు ఉండాలని ఆమె కోరిక. రంగు వెలిసిన గుడ్డ ముందు ఆమె చాలాసేపు కొంగు సర్దుకుంది.

ఇన్నేళ్ళ తర్వాత ఆ తెరను తలుచుకోవాల్సి వచ్చింది మా చెల్లెలి కూతురి వల్ల. విశాఖపట్నంలో చదువుకున్న పిల్ల. పోయిన దసరాకి వచ్చి, "పెద్దమ్మా, నేను సముద్రం ఫోటోలు తీస్త. అలల మీద సర్ఫింగ్ చేసేటోళ్ళ ఫోటోలు. గదే నా పని" అన్నది.

"ఈత వస్తదా నీకు?" అనడిగాను.

"నేర్చుకున్న."

"మరి పైసలెట్ల?"

"ఒక్కదాని మీదనే కాదు పెద్దమ్మా. కొన్ని పెళ్ళిళ్ళు, కొన్ని పత్రికల పనులు, కొన్ని ప్రింట్లు అమ్ముడు, కొందరికి నేర్పుడు... అన్నీ కలుపుకుంటే నడుస్తది."

వద్దనేశాను. మీ అమ్మ ఏమనుకుంటుంది, ఒంటరి ఆడపిల్ల, నీళ్ళలో ప్రమాదం... నాకు ఎవరెవరో చెప్పిన మాటలన్నీ నా నోటి నుంచి వరసగా వచ్చేశాయి. ఆ పిల్ల వాదించలేదు. తెచ్చిన పుస్తకాలు నా బల్ల మీద పెట్టి, మరికొన్ని చిత్రాలు ఎక్కడ దొరుకుతాయో రాసిచ్చి, "చూసినంక చెప్పు" అని వెళ్ళిపోయింది. రెండు నెలలు చూశాను. ముప్పై ఏళ్ళు ఫోటోలు కడిగిన దాన్ని కాబట్టి, ఫోటోలో ఏముందో చూడడంతోపాటు ఫోటో తీసిన మనిషి ఎక్కడ నిలబడిందో, ఎవరి దయవల్ల నిలబడగలిగిందో కూడా చూడడం నాకు అలవాటు. ఈ వ్యాసం ఆ అలవాటు లోంచి వచ్చింది.

ముందు ఆ పని ఎలా చేస్తారో చెప్పుకోవాలి. అలల్ని రెండు రకాలుగా తీస్తారు. ఒడ్డున నిలబడి పొడవాటి లెన్సుతో తీయడం ఒకటి. కెమెరాను నీళ్ళు చొరని గట్టి పెట్టెలో బిగించి, కాళ్ళకు రెక్కల్లాంటి రబ్బరు తొడుగులు వేసుకుని, అల విరిగే చోటికే ఈదుకుంటూ వెళ్ళడం రెండోది. ఈ రెండో పద్ధతిలో అల చేతికందేంత దగ్గరకొస్తుంది. అందుకని వెడల్పు లెన్సు వాడతారు. సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపట్లో షట్టర్ తెరుచుకుని మూసుకోవాలి, లేకపోతే నీటి తుంపరలు చారలైపోతాయి. పెట్టె ముందున్న అద్దం మీద ఒక్క చుక్క నిలిచినా బొమ్మ పాడవుతుంది, అందుకే మధ్యమధ్యలో అద్దాన్ని నాలుకతో నాకి మళ్ళీ ముంచుతుంటారు. పని అయ్యాక ఉప్పు పట్టకుండా మంచినీళ్ళతో కడగాలి. ఇంత శ్రమ పడితే వందల బొమ్మల్లో ఒకటి నిలుస్తుంది. చీకటిగదిలో ఎర్రదీపం కింద బొమ్మ కోసం ఎదురుచూసిన నాకు ఆ ఓపిక అర్థమవుతుంది. ఆ పని మీద గౌరవమూ కలుగుతుంది.

అయితే ఈ కళకు చరిత్రగా చెప్పే పేర్లను వరసగా చదువుకుంటూ వస్తుంటే నాకు ఇంకో సంగతి కనబడింది. టామ్ బ్లేక్ 1930 ప్రాంతంలో కెమెరాకి నీళ్ళు చొరని పెట్టె తయారుచేసుకుని హవాయిలో అలల మధ్య నుంచి బొమ్మలు తీశాడు. అవి 1935లో నేషనల్ జియోగ్రఫిక్‌లో వచ్చాయి. 1946లో కాలిఫోర్నియా సర్ఫర్ల మీద ఫోటోల పుస్తకం వేసిన జాన్ బాల్ వృత్తిరీత్యా పళ్ళ డాక్టరు. ఆ రంగంలో ఎంతో గౌరవం పొందిన లెరాయ్ గ్రానిస్ టెలిఫోన్ కంపెనీ ఉద్యోగి. నలభై దాటాక ఒంట్లో బాగోలేదని వెళితే, ఏదైనా వ్యాపకం పెట్టుకోమని వైద్యుడు చెప్పాడట, అలా కెమెరా పట్టాడు. ఈనాడు అలల ఫోటో అనగానే గుర్తొచ్చే క్లార్క్ లిటిల్ హవాయిలో ఒక ప్రభుత్వ వృక్షవనంలో ఏళ్ళ తరబడి పనిచేశాడు.

వీళ్ళ ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ వీళ్ళలో చాలామందికి సముద్రంలోకి దూకడానికి ముందే ఒక తీరం ఉంది. నెల జీతమనే తీరం. ఇంట్లో అన్నం వండి పెట్టి, పిల్లల్ని బడికి పంపి, తడి బట్టలు ఆరేసే మనిషి కూడా చాలామందికి ఉండే ఉంటుంది, అదింకో తీరం. ఆ మనిషి పేరు ఏ పుస్తకంలోనూ ఫోటోగ్రాఫర్ పేరు పక్కన ఉండదు.

క్లార్క్ లిటిల్ కథే తీసుకుందాం. 2007లో అతని భార్య పడకగది గోడకి పెట్టుకోవడానికి అల బొమ్మ ఒకటి కావాలంది. కొనడం దేనికి, నేనే తీసిస్తానని అతను కెమెరా పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. ఆ బొమ్మ కోసం మొదలైన పని కొన్నేళ్ళలో వృత్తి అయింది. మ్యూజియం ప్రదర్శనలు, సొంత గ్యాలరీ, 2022లో 'ది ఆర్ట్ ఆఫ్ వేవ్స్' అనే పెద్ద పుస్తకం వచ్చాయి. ఈ కథను అందరూ ముచ్చటగా చెబుతారు. నాకు మాత్రం చదివినప్పుడల్లా ఆమె దగ్గరే ఆగాలనిపిస్తుంది. ఇంట్లోకి సముద్రం కావాలని ముందుగా కోరుకున్నది ఆమె. మా స్టూడియోలో కొంగు సర్దుకున్న మనిషిలాగే.

ఆ పుస్తకంలో బొమ్మలు గొప్పవి. ఒడ్డు మీదే విరిగే బరువైన అల లోపలికి వెళ్ళి, అది గొట్టంలా చుట్టుకున్న క్షణాన లోపల నుంచి బయటకు చూస్తాడతను. గాజులాంటి గోడ, దాని అంచున ఇసుక, దూరంగా గుండ్రంగా కనిపించే ఆకాశం, తాటిచెట్లు. ఆ అల నడుం విరగ్గొట్టగలదు. అయినా చూసేవాళ్ళకి భయం కన్నా ప్రశాంతతే కలుగుతుంది. మొదటి ఇరవై బొమ్మలు ఊపిరి బిగపట్టి చూశాను. యాభై దాటాక నాకు ఉక్కపోసింది. ఇంత సముద్రంలో ఎవరూ లేరేం? వల లేదు, పడవ లేదు, బట్టలుతికే మనిషి లేదు, ఎదురుచూసే మనిషి లేదు. అలను ఎవరూ నివసించని అందమైన గదిలా చూపిస్తాయి ఆ బొమ్మలు. గోడకి పెట్టుకునే బొమ్మకి అలాంటి సముద్రమే బాగుంటుందేమో. అంత ఖాళీ సముద్రం మా తెర మీద కూడా ఉండేది. కానీ దాని ముందు ఎప్పుడూ ఎవరో ఒక మనిషి నిలబడేది.

మా పిల్ల 'అన్నీ కలుపుకుంటే నడుస్తది' అన్న మాట గురించి కూడా చెప్పాలి. ఈ రంగంలో పైకి రావాలనుకునేవాళ్ళకి అందరూ ఇచ్చే సలహా ఇదే. ఒక్క ఆదాయాన్ని నమ్ముకోవద్దు, నాలుగు రకాల పనులు పెట్టుకో, దాన్ని వైవిధ్యం అనుకో, స్వేచ్ఛ అనుకో. వినడానికి కొత్తగా ఉంది. కానీ బోధన్‌లో ఏ ఆడమనిషిని అడిగినా ఈ సలహా ఇస్తుంది. పొద్దున చెరుకుతోటలో కలుపు, మధ్యాహ్నం బీడీలు, పసుపు కాలంలో పసుపు తవ్వడం, ఇంటి ముందు రెండు బర్రెలు, మంగళవారం సంఘం మీటింగు. దాన్నెవరూ కెరీర్ అనలేదు. గతిలేకపోవడం అన్నారు. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళి, 2015 డిసెంబరులో తాళం పడినప్పుడు రోడ్డున పడ్డ మగవాళ్ళ కన్నీళ్ళ గురించి చాలా రాశారు. రాయాల్సిందే. కానీ ఆ ఇళ్ళలో పొయ్యి ఆరిపోకుండా ఆపింది ఆడవాళ్ళ అతుకుల బతుకే. ఒక చోట వైవిధ్యం అనిపించుకున్నదే ఇంకో చోట అతుకుల బతుకు ఎందుకవుతుంది? చేసే పనిలో తేడా ఉందా, చేసేవాళ్ళను చూసే చూపులో తేడా ఉందా?

నా సంగతీ అంతే. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళిళ్ళు, పుష్పవతి ఫంక్షన్లు, ఓటరు కార్డులు, పోయినవాళ్ళ ఫోటోలకి దండ వేసి పెద్దది చేయడం, నెగెటివ్ మీద పెన్సిలుతో మొటిమలు పోగొట్టడం, ఆల్బములు అతికించడం అన్నీ చేశాను. రాత్రిళ్ళు చీకటిగదిలో సగం పని నాదే. ఆడవాళ్ళు నా ముందైతేనే నిలబడతామనే ఇళ్ళకి కెమెరా పట్టుకుని వెళ్ళింది నేనే. బోర్డు మీద మాత్రం మా ఆయన పేరు. ప్రింటు వెనక వేసే ముద్రలోనూ ఆయన పేరే. సరిహద్దు దాటి మరాఠ్వాడాకి వెళితే చెరుకు నరికే భార్యాభర్తల్ని కలిపి ఒక్క 'కోయితా' కింద లెక్కగడతారు. కోయితా అంటే కత్తి. ఇద్దరు మనుషులు, ఒక్క కత్తి, డబ్బు చేతికిచ్చేది మగవాడికి. మా స్టూడియోలో మేమిద్దరం ఒక్క కెమెరా.

ఇది నా ఒక్కదాని కథైతే ఇక్కడ రాయనవసరం లేదు. మా ఊరు నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లోనే, 1892లో, రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జెనానా స్టూడియో తెరిచాడు. మగవాళ్ళ కంటపడకుండా ఎత్తైన గోడల మధ్య నడిచిన ఆ స్టూడియోను చూసుకున్నది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు స్త్రీ. దీన్‌దయాళ్ పేరు చరిత్రలో నిలిచింది. ఆమె మాత్రం పరిశోధకులు వెతికితే దొరికే పేరుగా మిగిలింది. హోమై వ్యారావాలా సంగతి చూడండి. దేశంలో తొలి మహిళా ఫోటో జర్నలిస్టుగా మనం చెప్పుకునే ఆమె తొలి చిత్రాలు 1930ల చివర బొంబాయి పత్రికల్లో భర్త మానెక్‌షా పేరుతోనే వచ్చాయి. 1942లో ఢిల్లీ చేరి, మూడు దశాబ్దాల పాటు దేశచరిత్రను చిత్రాల్లో పెట్టి, 1970లో కెమెరా పక్కన పెట్టేసింది. పద్మవిభూషణ్ 2011లో వచ్చింది. మరుసటి ఏడాదే ఆమె పోయింది. నీళ్ళలోకి దిగడానికి ధైర్యం కావాలంటారు. ఫోటో కింద సొంత పేరు వేసుకోవడానికి పట్టిన ఏళ్ళను కూడా ధైర్యం లెక్కలోనే వేయాలి.

ఈత సంగతి కూడా ఉంది. మంజీర మీద నిజాంసాగర్ కట్టింది 1931కి పూర్తయింది. ఆ కాలువల నీళ్ళతోనే మా చెరుకు పండింది, మా ఊరు బతికింది. మా ఇంటికి అర కిలోమీటరు దూరంలో కాలువ పారేది. మా అన్నలు నడుముకి బెండు కట్టుకుని బావుల్లో, కాలువల్లో ఈత నేర్చారు. మేము గట్టు మీద వాళ్ళ అంగీలు కాపలా కాశాం. బట్టలు తడిస్తే ఒళ్ళు కనబడుతుందని భయం. నీళ్ళు లేక ఈత రాకపోవడం వేరు, నీళ్ళుండీ రాకపోవడం వేరు. హవాయిలో ఒకప్పుడు స్త్రీలూ పురుషులూ కలిసే అలల మీద ఆడేవారట. ఆ మాట చదివినప్పుడు నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో చెప్పలేను.

అలల చిత్రాల మీద విసుగొచ్చి పుస్తకాలు మూసేద్దామనుకున్నప్పుడు మా పిల్ల రాసిచ్చిన చీటీలో సాచి కన్నింగ్‌హామ్ పేరు కనబడింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జర్నలిజం పాఠాలు చెబుతుంది, డాక్యుమెంటరీలు తీస్తుంది, చల్లటి ఓషన్ బీచ్ నీళ్ళలో కెమెరాతో ఈదుతుంది. మా పిల్ల చెప్పిన 'అన్నీ కలుపుకోవడం' ఆమె బతుకులో కనబడుతుంది. కానీ ఆమె తీసేది ఖాళీ అలల్ని కాదు. కొండంత అలల మీద ఉన్న ఆడవాళ్ళని. వాళ్ళు పడిపోవడాన్నీ, మునిగి తేలడాన్నీ, ఒకరినొకరు పిలుచుకోవడాన్నీ పక్కనే ఈదుతూ తీస్తుంది. ఆ చిత్రాల్లో అల గది కాదు, పనిచోటు.

అది ఊరికే అనడం లేదు. కాలిఫోర్నియాలో మావరిక్స్ అనే చోట పెద్ద అలల పోటీలు జరిగితే అందులో ఆడవాళ్ళకి పోటీ ఉండేది కాదు. 2016లో కొందరు మహిళా సర్ఫర్లు కమిటీగా ఏర్పడి, తీరం ప్రజలందరిదీ కదా, మమ్మల్ని వదిలేసి జరిపే పోటీకి ప్రభుత్వ కమిషన్ ఎలా అనుమతిస్తుందని నిలదీశారు. చివరికి 2018 సెప్టెంబరులో ప్రపంచ సర్ఫ్ లీగ్ మరుసటి ఏడాది నుంచి స్త్రీపురుషులకి సమాన బహుమతి ఇస్తామని ప్రకటించింది. 2019లో కాలిఫోర్నియా దీని మీద చట్టమే చేసింది. ఈ పోరాటం జరుగుతున్నప్పుడు ఆ ఆడవాళ్ళ పక్కన నీళ్ళలో కెమెరా పట్టుకుని ఉండడం మామూలు సంగతి కాదు.

ఈ కథలో ఇంకో ఫోటో ఉంది. రెండు నెలల్లో నేను చూసిన వాటిలో నన్ను ఎక్కువగా కదిలించింది అదే. అందులో అల లేదు. 2018 జూన్‌లో దక్షిణాఫ్రికాలోని బలీటోలో చిన్నవాళ్ళ సర్ఫింగ్ పోటీ జరిగింది. గెలిచిన అబ్బాయీ అమ్మాయీ పక్కపక్కన నిలబడి, అట్టల మీద రాసిన పెద్ద చెక్కులు పట్టుకున్నారు. అబ్బాయి చెక్కు మీద 8000 రాండ్లు, అమ్మాయి చెక్కు మీద 4000. అదే సముద్రం, అవే అలలు. మేం ఫంక్షన్ హాళ్ళలో రోజూ తీసే ప్రైజు ఫోటో లాంటిదే, అందులో ఏ కళా లేదు. అబ్బాయిలు ఎక్కువమంది పాల్గొంటారు కాబట్టి అలా ఇచ్చామన్నారు నిర్వాహకులు. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది, మూడు నెలల్లో సమాన బహుమతి ప్రకటన వచ్చింది. ఆ ఫోటో ఒక్కటే తెచ్చిందని నేననను, వెనక ఏళ్ళ పోరాటం ఉంది. కానీ దాన్ని మా ఊళ్ళో ఎవరికి చూపించినా వివరించి చెప్పనక్కర్లేదు. మగ కూలి ఎంత, ఆడ కూలి ఎంత అనే లెక్క చెరుకుతోట గట్టు మీద అందరికీ తెలుసు.

మన తీరాల దగ్గరకొస్తే సముద్రపు ఫోటోలో సర్ఫర్ కన్నా ముందు కనబడాల్సిన మనుషులు చాలామంది ఉన్నారు. 'పరి' కోసం పళని కుమార్ తమిళనాడు రామనాథపురం జిల్లా భారతీనగర్ స్త్రీల మీద తీసిన చిత్రాలు చూశాను. సముద్రపు నాచు ఏరే మత్స్యకార స్త్రీలు. వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుని, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, చీరల మీదే నీళ్ళలోకి దిగి, ఊపిరి బిగబట్టి రాళ్ళ మీది నాచు కోసుకొస్తారు. లోపల మునిగి కెమెరా పట్టడం సాహసమైతే, లోపల మునిగి కూలి సంపాదించడం ఏమవుతుంది? పళని కుమార్ బొమ్మల్లో అందం లేదని కాదు. నీళ్ళ మీద పడ్డ వెలుగు, తడి చీరల రంగులు చాలా అందంగా ఉంటాయి. కానీ ఆ అందం మనిషిని పక్కకి తొలగించదు. ఆమె చేతి వేళ్ళ దగ్గరకే తీసుకెళుతుంది. మగవాడు తీసిన చిత్రాలే ఇవి. కాబట్టి కెమెరా వెనక ఆడదో మగవాడో అన్నదొక్కటే ప్రశ్న కాదని నాకు నేను గుర్తు చేసుకోవాల్సి వచ్చింది.

పూరీ వెళ్ళొచ్చిన కుటుంబాల ఆల్బములు తిప్పి చూడండి. అలల్లో స్నానం చేస్తూ నవ్వుతున్న అత్తమ్మ, భయపడుతున్న పిల్ల, వాళ్ళ చేయి పట్టుకున్న మరో చేయి ఒక్కోసారి కనబడతాయి. అంచున సగం తెగిన మనిషి, తెల్లటి కోసు టోపీ. నోలియాలు వాళ్ళు. పెంఠకటలో ఉండే తెలుగు మత్స్యకారులు. యాత్రికుల్ని అలల మధ్య పట్టుకుని నిలబెట్టడం తరతరాలుగా వాళ్ళ పని. అల తత్వం వాళ్ళకి తెలిసినంత ఏ సర్ఫర్‌కి తెలుసు? అయినా మన ఆల్బముల్లో వాళ్ళు ఉత్త చేయి మాత్రమే.

ఇంతమంది ఫోటోలని ఇంతసేపు విమర్శించాక నా ఫోటో సంగతి చెప్పకుండా తప్పించుకోలేను.

నేను మొదటిసారి సముద్రాన్ని చూసింది విశాఖపట్నంలో. ఒక మహిళా సంఘం సమావేశానికి వెళ్ళినప్పుడు. తెల్లవారుజామున అందరూ నిద్రలో ఉండగా కెమెరా తీసుకుని ఒక్కదాన్నే జాలర్ల పేట వైపు నడిచాను. మా ఆయన లేకుండా, ఎవరూ అడగకుండా, నాకోసం తీసుకున్న మొదటి ఫోటోలు అవి. సూర్యుడు నీళ్ళలోంచి పైకొస్తున్నాడు. అల ఒకటి లేచి విరగబోతోంది. నొక్కాను. ఇంటికొచ్చి కడిగితే అద్భుతంగా వచ్చింది. ఎడమ అంచున మాత్రం ఒక మనిషి ఉంది. చేపల గంప దించుకోవడానికి వంగిన నడివయసు స్త్రీ, కుచ్చిళ్ళు మోకాళ్ళ పైకి దోపుకుని, మొహం సగం నీడలో. ప్రింటు వేసేటప్పుడు నేను ఎన్లార్జర్ తలను కాస్త పైకెత్తి, కాగితాన్ని జరిపి ఆమెను తీసేశాను. సముద్రం శుభ్రంగా కనబడాలని. ఆ ప్రింటును పెద్దది చేసి, ఫ్రేము కట్టించి స్టూడియో గోడకి పెట్టాం. వచ్చినవాళ్ళంతా మా ఆయన్ని మెచ్చుకున్నారు. ఎంత బాగా తీశారండీ అని. నేను పక్క గదిలో ఆల్బము అతికిస్తూ విన్నాను. నా పేరు కత్తిరించారని చాలా ఏళ్ళు బాధపడ్డాను. నేను కత్తిరించిన మనిషి సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మొన్న పాత డబ్బాలు దించి ఆ నెగెటివ్ వెతికాను. అంచుల్లో కొంచెం పాడైంది కానీ ఆమె ఉంది. వంగిన నడుము, గంప అంచు పట్టుకున్న చేయి. ఆమె వెనక అల చిన్నదైపోయింది. అల ఫోటో అనుకున్నది నిజానికి ఆమె ఫోటోనే. సూర్యుడి వెలుగు కూడా ముందు ఆమె భుజం మీద పడి, తర్వాత నీళ్ళ మీద పడింది. అప్పుడు ఎందుకు చూడలేకపోయాను? అందమంటే ఏమిటో మా తెర నాకు ముందే నేర్పేసింది. కొబ్బరిచెట్లు, ఓడ, ఎప్పటికీ విరగని అల. ఆ తెర ముందు నిలబడిన ఆడవాళ్ళను వందలమందిని తీసినదాన్ని, నిజం సముద్రం ముందుకి వెళ్ళేసరికి తెరనే తీసుకొచ్చుకున్నాను.

అందుకే సముద్రపు ఛాయాచిత్రాల్ని చూసేటప్పుడు ఎంత పెద్ద అల, ఎంత దగ్గర నుంచి, ఎంత ప్రమాదంలో తీశారు అని ఆ ప్రపంచం వేసుకునే ప్రశ్నలు సరిపోవని నాకనిపిస్తోంది. చట్రంలో నుంచి ఎవరిని తప్పించారు, తీరాన ఎవరు నిలబడితే ఈ మనిషి నీళ్ళలోకి వెళ్ళగలిగింది, ఫోటో కింద ఎవరి పేరుంది, డబ్బు ఎవరి చేతికి వెళ్ళింది అని కూడా అడగాలి. ఇవి అడిగితే అందం తగ్గిపోతుందని భయపడేవాళ్ళున్నారు. ఆ నెగెటివ్‌ని మొత్తంగా చూశాక నాకు ఆ భయం పోయింది.

మా పిల్లకి ఉత్తరం రాశాను. ఫోనులో చెప్పొచ్చు కానీ మొదటిసారి వద్దన్నది నోటితోనే కదా, ఈసారి రాతలో ఉండాలనిపించింది. వెళ్ళమన్నాను. నెలనెలా వచ్చే ఒక చిన్న పని దేన్నైనా కొన్నాళ్ళు వదులుకోవద్దన్నాను, జీతమనే తీరం ఎంత అవసరమో ఆ పెద్దవాళ్ళ జీవితాలే చెబుతున్నాయి కాబట్టి. కెమెరా పెట్టెకి సగం డబ్బు నేనిస్తానన్నాను. ప్రతి బొమ్మ కింద నీ పేరే వేయించుకో, సొంతవాళ్ళు అడిగినా ఒప్పుకోకు అన్నాను. అంచు కత్తిరించే ముందు అక్కడ ఎవరున్నారో చూడమన్నాను. ఉంటే పేరు అడగమన్నాను. నేనామె పేరు అడగలేదు.

కందకుర్తి దగ్గర మా మంజీర గోదావరిలో కలుస్తుంది. మా కాలువల్లో మిగిలిన నీళ్ళు, మేం గట్టు మీద కూర్చుని చూసిన నీళ్ళు, ఎంతో దూరం నడిచి అంతర్వేది దగ్గర సముద్రంలో పడతాయి. ఎండలు రాకముందే ఆ పిల్లతో కలిసి అక్కడికి వెళ్ళాలని అనుకున్నాం. ఆమె ఫోటోలు తీసుకుంటుంది. నాకు మోకాలి లోతు వరకైనా నీళ్ళలో నిలబడడం నేర్పిస్తానంది. కొత్తగా వేసిన ప్రింటు ఇప్పుడు మా ఇంట్లో గోడకి ఉంది. చేపల గంపతో ఆమె, ఆమె వెనక అల. కింద మూలన పెన్సిలుతో నా పేరు రాసుకున్నాను. ఆమె పేరు కోసం పక్కన కొంచెం ఖాళీ వదిలాను.